ఫారంలో లేని రెండు వరుసలు

కుదురు మేస్త్రి దుకాణానికి కార్లు వచ్చేవి కావు, సీట్లు మాత్రమే వచ్చేవి.

పక్కనే ఉన్న మెకానిక్ షెడ్డులో బోల్టులు విప్పి, ఇద్దరు మనుషులు చెరోవైపూ పట్టుకుని, సీటును తెచ్చి ఆయన బల్ల మీద పడేసి పోయేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళలో ఆ బల్ల ఎక్కని సీటు లేదు. టాక్సీ సీట్లు, అంబులెన్సు సీట్లు, సినిమాహాలు కుర్చీలు, ఒకసారి పళ్ళ డాక్టరు వాలుకుర్చీ. పాత తోలు విప్పేయడం, కుంగిన స్పాంజి తీసి కొత్తది కోసి పెట్టడం, వంకర సూదితో మళ్ళీ కుట్టడం. అంతా అయ్యాక సొంతదారును కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట అడిగేవాడు.

"కుదిరిందా?"

"బాగుందండీ" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"బాగుందా అని నేనడగలేదు. కుదిరిందా అని అడిగాను."

అందుకే ఆ వీధిలో ఆయన అసలు పేరు పోస్టుమన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

మొహమాటస్తుల మాట మీద ఆయనకు నమ్మకం లేదు. మూల చిలక్కొయ్యకి ముదురు నీలం కోట్లు రెండు వేలాడుతూ ఉండేవి. సీటు మీద దర్జీ సుద్ద పొడి పలచగా చల్లి, మనిషికి ఆ కోటు తొడిగి, పావుగంట కూర్చోబెట్టేవాడు. లేచాక వెనక్కి తిప్పి వీపు చదివేవాడు. సుద్ద ఎక్కడ ముద్దగా అంటుకుంటే అక్కడ సీటు పొడుస్తున్నట్టు. ఎక్కడ అంటలేదో అక్కడ నడుము గాల్లో వేలాడుతున్నట్టు. వీపంతా ఒకే తీరుగా, పలచగా తెల్లబడితే అప్పుడు నవ్వేవాడు.

అలా ఒకరోజు కార్ల పత్రిక ఎడిటరు వీపు చదివాడు. పెద్దమనిషి నడుం నొప్పితో వచ్చి, సీటు మొత్తం మార్చేయమన్నాడు. మేస్త్రి కోటు చూసి, "మీ సీటుకి ఏ జబ్బూ లేదండీ. మీ ప్యాంటు వెనక కుడి జేబులో పర్సు ఎంత లావుంది?" అన్నాడు. ఎడిటరు పర్సు తీసి బల్ల మీద పెట్టాడు. ఇటుకంత ఉంది. ఆ రోజు నుంచి పర్సు చొక్కా జేబులోకి మారింది, నడుం నొప్పి పోయింది, మేస్త్రి మీద ఎడిటరుకు గురి కుదిరింది.

రెండు నెలల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి పరుగులాంటి నడకతో.

"మేస్త్రిగారూ, మీరే కాపాడాలి. మూడు స్పోర్ట్స్ కార్లు ఒక్కరోజుకి ఇచ్చారు. వేగం సంగతి మా టెస్టు డ్రైవరమ్మాయి చూసుకుంటుంది. సుఖం, సౌకర్యం రాసే ఆయనకేమో నడుం పట్టేసింది."

"సుఖం గురించి రాసే ఆయనకా?"

"నవ్వకండి. ఎల్లుండి పొద్దున్న రావాలి. సాయంత్రం అయిదింటికి కార్లు వెనక్కి వెళ్ళిపోతాయి. ఈ ఫారం నింపాలి, అంతే."

మేస్త్రి ఫారం చూశాడు. సీటు, ఏసీ, చప్పుడు, గతుకుల్లో కుదుపు, స్క్రీను, బటన్లు, డిక్కీ, అన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికి పదేసి మార్కులు.

"సీటు నాకు తెలుసు. ఈ స్క్రీన్లూ మీటల గొడవ నావల్ల కాదు. దానికి మా చెల్లెల్ని తీసుకొస్తా" అన్నాడు.

మేస్త్రి చెల్లెలు ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. తొమ్మిదేళ్ళప్పుడు మేడ మెట్ల మీంచి పడితే ఎడమ మోకాలు విరిగింది, అతుకు సరిగ్గా పడలేదు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. బస్సుల్లో, క్లాసుల్లో, పెళ్ళి విందుల్లో ఆ కాలు కర్రలా ముందుకు చాచే ఉండేది. ఎవరో ఒకరు దాన్ని తట్టుకోవడం, ఆమె "పర్లేదండీ" అనడం. అలాంటి మనిషికి కార్ల పిచ్చి. పద్నాలుగో ఏట నుంచి నోటుపుస్తకాల్లో గళ్ళు గీసి, పత్రికల్లో చదివిన స్పోర్ట్స్ కార్లన్నిటికీ మార్కులు వేసేది. అలాంటివి ఇరవై రెండు పుస్తకాలు. ఒక్క స్పోర్ట్స్ కారులో కూడా కూర్చున్నది లేదు. తన చిన్న ఆటోమేటిక్ కారును సీటు వీలైనంత వెనక్కి జరుపుకుని, కుడికాలితోనే నడుపుకునేది.

మేస్త్రి ఫోన్ చేసి చెప్పాడు.

"చిట్టీ, ఉన్నావా?"

"ఉన్నా. ఏ కార్లు?"

చెప్పాడు. అవతల ఏదో కిందపడిన చప్పుడు.

"గ్లాసు. పర్లేదు, స్టీలుదే" అంది ఆమె. కాసేపు ఊపిరి సర్దుకుని, "అన్నయ్యా, వస్తాను. కానీ ఒక్క మాట. అవి నేలకి ఇంతెత్తున ఉంటాయి. ఎక్కలేకపోతే ఎక్కలేను. అంతేగానీ నన్నెవరూ చంకల కింద చేతులేసి ఎత్తకూడదు. నువ్వు కూడా. ఎవరైనా ఎత్తారంటే అక్కడే ఆటో మాట్లాడుకుని వచ్చేస్తా."

తొమ్మిదో ఏట నుంచి పదహారో ఏట వరకూ ఆమెను స్కూలు రిక్షా ఎక్కించింది, దింపింది, ఎత్తింది మేస్త్రే. ఒకరోజు, "ఇక చాలన్నయ్యా" అంది. ఆ తర్వాత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఎవరూ ఎత్తరు" అన్నాడు మేస్త్రి. మాటైతే ఇచ్చాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అనుకున్న రోజు పొద్దున్న వాడకంలో లేని విమానాల రన్‌వే మీద మూడు కార్లూ బారుగా నిలబడి ఉన్నాయి. ఎరుపు, పసుపు, బూడిద రంగు. ఎండ వాటి మీద పడి జారిపోతోంది. చెల్లెలు చేతికర్ర ఊపుకుంటూ, ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని, మేస్త్రి భార్యతో ఆగకుండా మాట్లాడుతూ నడిచింది.

"ఆ ఎర్రదాని ఇంజను వెనకుంటుంది వదినా, ముందు తలుపు తీస్తే డిక్కీ! అదిగో, ఆ పసుప్పచ్చదాని తలుపులు పైకి లేస్తాయి చూడు. అన్నయ్యా, నన్నొకసారి గిల్లు."

"నన్నెందుకు తీసుకొచ్చారో నాకు తెలీడం లేదు" అంది వదిన. ఆవిడ చేతిలో ఇంటి నుంచి తెచ్చిన దూది దిండు ఉంది. "ఏమండీ, ఎందుకైనా మంచిది, ఇది వేసుకుని కూర్చోండి."

"సీట్లు చూడటానికి వచ్చినవాణ్ణి దిండు వేసుకుని కూర్చోనా? నా పరువు తీయడానికా?"

"పరువు సంగతి నాకు తెలీదు. మీ నడుం సంగతి తెలుసు."

మేస్త్రి కోటు తొడుక్కుని, ఎర్రకారు తలుపు తీసి, నల్లటి తోలు సీటు మీద సుద్ద పొడి చల్లాడు. ఎడిటరు పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో! మేస్త్రిగారూ! అది... దాని ఖరీదు..."

"బ్రష్షు తెచ్చానండీ. దులిపితే పోతుంది. మీరు అటు తిరిగి నిలబడండి" అని, తల వంచి లోపలికి దూరాడు.

ఆ సీటు ఆయన్ను పట్టుకుంది. రెండు పక్కలా డొక్కల్ని అదిమి, నడుము కింద ఒక చెయ్యి పెట్టినట్టు ఆనింది. టెస్టు డ్రైవరమ్మాయి నవ్వుతూ పక్కన ఎక్కి రెండు మలుపులు గిర్రున తిప్పినా మేస్త్రి ఒళ్ళు ఇంచు కదల్లేదు. కుట్టు మీద వేలు రాశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. దిగి వీపు తిప్పితే వదిన కూడా "అబ్బ!" అంది. సుద్ద మెడ నుంచి నడుము దాకా ఉదయపు మంచు పరిచినట్టుంది. ముప్పై నాలుగేళ్ళలో అంత బాగా పడిన సుద్దను ఆయన చూడలేదు.

"పది" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా. "ఎవరు కుట్టారో గానీ, ఆ మనిషి చేతులు చూడాలి." ఫారంలో సీటు ఎదురుగా పది వేసి, కింద రెండు గీతలు కొట్టాడు.

ఇక చెల్లెలి వంతు. చేతికర్ర వదినకిచ్చి, తలుపు దగ్గర వెనక్కి తిరిగి నిలబడి, సీటు అంచు మీద కూర్చోవాలి. ఆ తర్వాత కాలు లోపలికి తిప్పుకోవాలి. ఏ కారైనా ఆమె ఎక్కే పద్ధతి అదే. కానీ ఆ కారు తలుపు కింది గడప జానెడుకు పైగా వెడల్పు, మోకాలెత్తు. సీటు ఆ గడపకు అవతల గోతిలో ఉంది. ఎలాగో గడప మీద కూర్చుంది. కాలు తిప్పబోతే మడమ తలుపు చట్రానికి టక్కున తగిలింది. ఇంకాస్త వెనక్కి వాలింది. మళ్ళీ టక్కు. మూడోసారీ టక్కు.

ఎడిటరు ఒక అడుగు ముందుకు వేశాడు. మేస్త్రి ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

చెల్లెలు నెమ్మదిగా లేచి నిలబడి, కర్ర తీసుకుంది. ఫారం వైపు చూసింది. పది, కింద రెండు గీతలు.

"సీటు అంత బాగుందా అన్నయ్యా?"

"చాలా బాగుంది చిట్టీ." అబద్ధం చెప్పలేకపోయాడు.

"సరే. నీ మార్కులన్నీ కూర్చున్న తర్వాత మొదలవుతాయన్నమాట" అంది. కోపంగా అనలేదు. క్లాసులో పిల్ల లెక్క ఎక్కడ తప్పిందో చూపించినట్టు అంది.

మేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. ఆయన దగ్గరికి సీట్లు కారు లేకుండా వచ్చేవి. తలుపు లేని, గడప లేని, కప్పు లేని సీట్లు. మనుషులు నడిచి వచ్చి బల్ల మీది సీటులో కూర్చునేవాళ్ళు. కుదిరిందా అని వేలమందిని అడిగాడు. అందులోకి ఎలా వచ్చారని గానీ, ఎలా లేస్తారని గానీ ఒక్కణ్ణీ అడగలేదు.

పసుపు కారు తలుపు పక్షి రెక్కలా పైకి లేచింది. దాంతో చెల్లెలి ముఖం కూడా వెలిగింది. దీని గడప సన్నం, తలుపు సందు పొడవు. అంచు మీద కూర్చుని, "ఒకటి, రెండు, మూడు" అనుకుని, కాలు తిప్పి, దబ్బున లోపల పడింది.

"ఎక్కేశా! వదినా, ఎక్కేశా!"

"చూశానమ్మా చూశాను!" వదిన దిండును గుండెలకు హత్తుకుని గెంతినంత పని చేసింది.

మరుక్షణం లోపల నుంచి కేక. "అన్నయ్యా! ఇలా రా! నా కాలు చూడు!"

మేస్త్రి కంగారుగా వంగి చూశాడు. ఆమె ఎడమకాలు ముందుకు నిటారుగా చాచి ఉంది. దేనికీ తగలడం లేదు. దాని పక్కనే కుడికాలు, అదీ చాచే ఉంది.

"ఈ కార్లలో అందరూ కాళ్ళు చాపుకునే కూర్చుంటారు! పుస్తకాల్లో బొమ్మలు చూశాను గానీ ఇది తట్టనే లేదు. నలభై ఏళ్ళుగా దీన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చస్తున్నా. వీళ్ళు దీనికోసమే చేసినట్టు చేశారు!"

తర్వాత అరగంట ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. టెస్టు డ్రైవరమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రన్‌వే చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఏసీ కోసం స్క్రీను మీద మూడు చోట్ల నొక్కాల్సి వచ్చిందని మూడు మార్కులు కోసేసింది. సీటు చల్లబరిచే బటన్ అనుకుని నొక్కితే కారు ముక్కు పైకి లేచింది. "స్పీడ్ బ్రేకర్ తగలకుండా ఎత్తుకుంటుంది, దీనికి ఒకటి కలపాలి" అని మళ్ళీ రాసుకుంది. గతుకుల రోడ్డు మీదికి తీసుకెళ్ళినప్పుడు ఆమె మాటలు కూడా గతుకులు గతుకులుగా వినిపించాయి.

దిగాల్సి వచ్చినప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. సీటు నేలకు జానెడెత్తున ఉంది. లేవాలంటే రెండు మోకాళ్ళూ వంగాలి. ఒక్క మోకాలితో, పట్టుకోవడానికి తలుపు కూడా లేకుండా, ఎంత తోసుకున్నా మళ్ళీ జారి లోపలే పడుతోంది. నవ్వు ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

"టీచరుగారూ, కొంచెం చెయ్యి..." అన్నాడు ఎడిటరు.

"వద్దు."

మేస్త్రి చేతులు వాటంతటవే లేచాయి. ఏడేళ్ళు ఎత్తిన చేతులు. వాటిని కోటు జేబుల్లో దూర్చి గట్టిగా పిడికిళ్ళు బిగించాడు.

"రెండు నిమిషాలు అందరూ అటు తిరగండి" అంది ఆమె. "అన్నయ్యా, నువ్వూ."

నలుగురూ వెనక్కి తిరిగి ఖాళీ రన్‌వేను చూస్తూ నిలబడ్డారు. వెనక నుంచి రొప్పు, తోలు కిర్రుమనడం, ఏదో తిట్టు, మళ్ళీ రొప్పు. తర్వాత దబ్బుమని చప్పుడు. తర్వాత కర్ర టకటక.

"తిరగండి."

రెండు అరచేతులూ దుమ్ము, జుట్టంతా రేగిపోయి ఉంది. ముందు చేతులు నేలకు ఆనించి, తాబేలులా బయటికి పాకిందని ఆమె చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

"దిగడానికి రెండు మార్కులు" అంది బట్టలు దులుపుకుంటూ. "ఆ రెండూ తలుపు అందానికి."

ముందు వదిన నవ్వింది, తర్వాత అందరూ. ఆమె మాత్రం బూడిద రంగు కారు వైపు చూసి, "చాలన్నయ్యా. ఇది నువ్వే చూసేయ్. నేను పక్కన నిలబడి రాసుకుంటా" అంది. పొద్దుటి గొంతు కాదది.

మేస్త్రి సుద్ద డబ్బా తెరవలేదు. సీటు వైపైనా చూడలేదు. జేబులోంచి టేపు తీసి, తలుపు తెరిచాడు. తెరవగానే లోపల సన్నగా మోటారు చప్పుడైంది. సీటు తనంతట తాను వెనక్కి జరిగింది, కాస్త పైకి లేచింది, స్టీరింగు ముందుకు తప్పుకుంది.

"ఆగు ఆగు! ఇది నా పుస్తకంలో ఉంది. తలుపు తీస్తే దారి ఇస్తుంది. నేను దీనికి ఆరు మార్కులే వేశాను, షోకు అనుకుని!" అంది చెల్లెలు.

"లెక్క నువ్వు చెయ్యి" అని మేస్త్రి సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

అంతే, ఆమె టీచరైపోయింది. "ఎడిటరుగారూ, టేపు ఈ కొస సీటు వెనక ఆనించండి. గట్టిగా. అమ్మాయీ, నువ్వు తలుపు చట్రం దగ్గర పట్టుకో. ఎంత?"

"ముప్పై తొమ్మిది."

"సరిగ్గా చూడు. అరలూ పావులూ వదిలేయకు."

"ముప్పై తొమ్మిదీ పావు."

ఆమె రన్‌వే మీద సుద్దతో ఒక చుక్క పెట్టింది. అది తన నడుము. అక్కడి నుంచి తన కాలి పొడవు, చెప్పుతో కలిపి ముప్పై ఎనిమిది అంగుళాలు, టేపుతో కొలిచి విల్లులా ఒక గీత గీయించింది. కాలు తిరిగే దారి అది. చట్రం ఉండే చోట ఇంకో చుక్క. విల్లుకూ చుక్కకూ మధ్య వేలు పెట్టి చూసింది.

"అంగుళంపావు మిగులు. వదినా, కర్ర పట్టుకో."

కూర్చుంది. కాలు లేపింది. తిప్పింది. మడమ చట్రం పక్క నుంచి, దుమ్మైనా రాలకుండా, లోపలికి వెళ్ళిపోయింది. సీటు నెమ్మదిగా ముందుకు జరిగి ఆమెను స్టీరింగు దగ్గరికి చేర్చింది.

నలుగురూ ఉన్నచోటే నిలబడి చూస్తున్నారు. ఆమే కిటికీ దించి, "ఏంటలా నిలబడ్డారు? అన్నయ్యా, ఎక్కు" అంది.

మేస్త్రి చెల్లెలి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి కాదు. కానీ ఆ రోజు ఆమె కుడికాలు మోపగానే ఆయన వీపు సీటుకు అతుక్కుపోయింది. గడ్డి, స్తంభాలు, పాత విమానాల షెడ్డు, అన్నీ గీతలైపోయాయి. "నూట నలభై!" అని అరిచింది ఆమె. "నూట అరవై! అన్నయ్యా, కళ్ళు తెరువు!" ఆయన ఒక కన్ను తెరిచాడు. ఆమె ముఖంలో, రిక్షా మొదటిసారి ఒంటరిగా ఎక్కిన రోజున చూసిన పదహారేళ్ళ పిల్ల కనిపించింది. రెండో కన్ను కూడా తెరిచాడు.

తిరిగొచ్చి ఆగగానే తలుపు తీసింది. సీటు వెనక్కి జరిగి పైకి లేచింది. కాలు బయటికి తిప్పి, తలుపు పట్టుకుని, లేచి నిలబడింది. మేస్త్రి లోపలి నుంచే లెక్కపెట్టాడు. పదకొండు క్షణాలు. ఎవరూ అటు తిరగాల్సిన పని పడలేదు.

అప్పుడు రెండో కోటు తొడుక్కుని, సుద్ద చల్లి సీటు చూశాడు. ఘోరంగా ఉంది. భుజాల దగ్గర రెండు ముద్దలు, నడుము దగ్గర ఖాళీ. ఎడమవైపు కుట్టు వంకర పోయింది. కోటు విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"నాలుగు" అన్నాడు బాధగా. "అంతకన్నా నా చెయ్యి రాదు."

"నాలుగే వెయ్యి. నిజం రాయాలిగా" అంది చెల్లెలు. "కప్పు పెట్టుకునే చోటు కూడా లేదు. అక్కడ ఇంకో రెండు పోతాయి."

"అయితే ఎర్రకారే గెలిచినట్టు" అన్నాడు ఎడిటరు గడియారం చూస్తూ. నాలుగున్నర.

మేస్త్రి ఫారం బానెట్ మీద పెట్టుకుని, ఇనుప స్కేలు తీసి, అన్నిటికన్నా పైన ఒక గీత గీసి "ఎక్కడం" అని రాశాడు. అన్నిటికన్నా కింద ఇంకో గీత గీసి "దిగడం" అని రాశాడు.

"మేస్త్రిగారూ, ఫారంలో ఆ వరుసలు లేవండీ."

"గీశాను కదా, ఇప్పుడున్నాయి."

"మా పాఠకులు కుర్రాళ్ళు. గెంతి కూర్చుంటారు."

"ఎన్నాళ్ళు గెంతుతారండీ? మీరొకసారి ఆ పసుప్పచ్చదాంట్లోంచి దిగి చూపించండి, నేను ఈ రెండు గీతలూ చెరిపేస్తా."

ఎడిటరు అభిమానంగల మనిషి. వెళ్ళి కూర్చున్నాడు. దిగబోయాడు. మళ్ళీ దిగబోయాడు. చివరికి, "అమ్మా, ఆ దిండు ఇలా ఇవ్వండి" అని వదిన్ను అడిగి, దాన్ని గడప మీద వేసుకుని, మోచేతులు ఆనించి, మూలుగుతూ బయటపడ్డాడు.

"ఎందుకైనా మంచిదని తెచ్చాను" అంది వదిన, భర్త వైపు చూస్తూ.

ఆ నెల పత్రికలో బూడిద రంగు కారు మూడు మార్కుల తేడాతో గెలిచింది. చెల్లెలు ఆ పేజీని ఇరవై మూడో నోటుపుస్తకం మొదట అతికించుకుంది. ఎరుపు కారు సీటును మెచ్చుకుంటూ మేస్త్రి చెప్పిన మాటలు కూడా వేశారు, ఒక్కటీ తీసేయకుండా.

తర్వాతి వారమే ఆయన పాత సామాన్ల కొట్టు నుంచి తలుపుతో సహా ఒక కారు చట్రం కొనుక్కొచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. అప్పట్నుంచి కుట్టిన సీటు అందులో పెట్టి, ఎక్కి, దిగి చూపిస్తే గానీ ఇచ్చేవాడు కాదు. విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. "సీటు కుట్టించుకోవడానికి వస్తే కసరత్తు చేయిస్తాడేమిటయ్యా!" అని మెకానిక్ షెడ్డులో మొత్తుకునేవాళ్ళు. పెద్దవాళ్ళెవరైనా నెమ్మదిగా, ఎవరి సాయమూ లేకుండా దిగితే మాత్రం మేస్త్రి పెదవులు కదిలేవి. లోపల లెక్కపెట్టేవాడు.

ఇప్పుడా దుకాణం లేదు, మేస్త్రీ లేడు. పత్రికలో ఆ రెండు వరుసలు మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉన్నాయి, మొదట ఒకటి, చివర ఒకటి. నీలం కోట్లలో ఒకటి చెల్లెలి ఇంట్లో చిలక్కొయ్యకి ఉంది. భుజాల దగ్గర రెండు తెల్లటి ముద్దలు, నడుము దగ్గర ఖాళీ. నాలుగు మార్కుల వీపు. ఉతుకుతానని వదిన రెండుసార్లు అడిగింది, ఆమె ఇవ్వలేదు.